పులి బంగ్లా గోరు

నిజామాబాద్ నుంచి బోధన్ వచ్చే తొవ్వల, చెరుకు తోటల నడుమ ఒక పాత బంగ్లా ఉంటది. పొద్దుగూకినంక దాని ముందలకెల్లి ఆటోలోళ్లు హారన్ కొట్టకుండ పోతరు. కొడితే లోపల ఉన్నది లేస్తదట.

దాని పేరే పులి బంగ్లా.

నిజానికి అదొక మ్యూజియం. ఎన్కట ఒక షికారి డాక్టరు ఉండేటోడట. కొట్టిన జంతువునల్లా తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరిపించి, అద్దాల అల్మారల్ల నిలబెట్టిండు. పాములను సీసాల్ల పెట్టిండు. పిట్టల గుడ్లను దూదిల పండబెట్టిండు. సీతాకోకచిలుకలకు సూదులు గుచ్చి పేర్లు రాసిండు. ఆయన పోయినంక ఎవరో ట్రస్టోళ్లు టికెట్టు పెట్టి నడిపిస్తున్నరు.

నడిమి హాల్ల పెద్దపులి. ముచ్చటంతా దాని గురించే.

అది మొత్తం సావలేదట. పొద్దున తలుపు తీస్తే మొఖం కిడికి దిక్కు తిరిగి ఉంటదట. ఒక వాచ్‌మన్ చెప్పులు ఇడిచిపెట్టి ఉరికిండట, జీతం గూడ అడగనీకి రాలేదట.

నాకు బోధన్‌ల టైలరింగ్ షాపున్నది. ఇరవై ఏండ్ల సంది రవికెలు కుట్టించుకోను వచ్చిన ప్రతి ఆడామె గీ కథ చెప్పింది. "నువ్వు చూసినవా?" అంటే, "నేను కాదక్కా, మా ఆడిబిడ్డ తోడికోడలు చూసింది" అంటది. ఆ తోడికోడలు ఇంతవరకు నా షాపు మెట్టెక్కలే. నేను నవ్వి కొలతలు తీసుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఎవరి తోడికోడలు ముచ్చటో కాదు. మా చెల్లె మొగడు రంజిత్‌కు అయినది. సగం మా చెల్లె సుమలత చెప్పింది. సగం జరంల ఆయననే వాగిండు.

రంజిత్ కమ్మర్‌పల్లిల ప్లాట్లు అమ్మిపెడతడు. తెల్లంగి, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. ఆకాశం నుంచి కాకి ఏమన్న జారవిడిస్తే ఆ రోజంతా పాడైపోయే మనిషి. మెడల లావు గొలుసు. ఆ గొలుసుకు ఒక్కటే తక్కువని ఆరు నెలల సంది ఒకటే పాట — పులిగోరు. వాళ్ల దోస్తు మెడల ఉన్నదట.

"అది మెడల ఉంటే మంది సూపే మారుతది వదినె" అన్నడు ఒకసారి నాతోటి.

"మెడల గోరు ఉంటే పులివైతవా రంజిత్?" అన్న.

నెల రోజులు మా ఇంటికి ఫోన్ చెయ్యలే.

పోయిన డిసెంబర్ల మేము కొత్తింట్ల పాలు పొంగించినం. ముందటి రోజే రమ్మంటే మా చెల్లె, రంజిత్, వాళ్ల బిడ్డ దీక్షిత కార్ల బయలెల్లిండ్రు. దీక్షిత ఆరో తరగతి. తొవ్వల బోర్డు చూసింది.

"డాడీ, మ్యూజియం! ఆపు డాడీ!"

"సచ్చిన నక్కలను చూసి ఏం చేస్తవే?" అన్నడట. కారు ముందుకు పోయింది. పోయినంక ఆ బోర్డు మీద పులి బొమ్మ ఉన్నట్టు యాదికొచ్చింది ఆయనకు. కారు వెనుకకు మలిపిండు.

లోపల లింగం అని ముసలాయన ఉన్నడు. టికెట్టు ఇచ్చేది ఆయననే, ఊడ్చేది ఆయననే, చూపించేది ఆయననే. హాలంతా బట్టల పెట్టెల వేసే డాంబరు గోలీల వాసన. దీక్షితకు ఆ వాసన గూడ సంబురమే.

"ఇది అలుగు బిడ్డా" అన్నడు లింగం, పొలుసుల జంతువును చూపిచ్చి. "బుగులైతే చెండు లెక్క చుట్టుకుంటది. పులి గూడ ఏం చెయ్యలేదు."

"మరి దీన్ని ఎట్ల చంపిండ్రు తాతా?"

లింగం అద్దం మీది దుమ్ము తుడిచిండు. "మనిషికి తుపాకి ఉండె గద బిడ్డా."

రంజిత్ వెనుకకెల్లి నవ్వుతనే ఉన్నడు. నెమలికి తోకనే లేదన్నడు. మొసలి సైకిల్ ట్యూబు లెక్క ఉన్నదన్నడు. గద్ద కన్ను ఊడి దారానికి వేలాడుతుంటే, "గీ బూజుకు టికెట్టా? నాకిస్తే కూలగొట్టి ఫంక్షన్ హాలు కడుత" అన్నడు. మా చెల్లె సిగ్గుతోటి తల దించుకున్నది. లింగం మాత్రం ఆ గద్ద కన్నును మెల్లగ లోపలికి ఒత్తిండు.

ఆఖరుకు పులి.

దానికి అద్దం లేదు. చుట్టూ ఒక తాడు, అంతే. ఒక చెవి లేదు. తోలు మీద అక్కడక్కడ చెదలు తిన్న గుర్తులు. కడుపు కింద కుట్లు ఊడి గడ్డి కనబడుతున్నది.

"గిదా పులి? మా ఇంట్ల పరుపు నయం" అన్నడు రంజిత్.

అని — ఆగిపోయిండు.

ముందటి కాళ్లకు గోర్లున్నయ్. పసుప్పచ్చగ, వంకరగ, నిగనిగ.

తల్లీబిడ్డ పాముల అర్రలకు పోయిండ్రు. రంజిత్ లింగం జేబుల ఐదు వందల నోటు పెట్టి చెవుల చెప్పిండు.

"తాతా... రెండే. రెండు గోర్లు. ఎవ్వనికి ఎరుక?"

లింగం నోటు తీసి మళ్ల ఆయన చేతులనే పెట్టిండు.

"జైలైతది సారు. అది ఒకటి. ఇంకొకటి... పొద్దుగూకినంక దీని పక్కన నేను గూడ నిలబడ."

"ఎందుకు?"

"గాలి పీలుస్తది."

రంజిత్ నవ్విన నవ్వు పాముల అర్రలున్న మా చెల్లెకు వినబడ్డదట.

ఐదున్నరకు మూసే టైమైంది. చలికాలం, అప్పటికే మసక. "మీరు కార్ల కూసోండ్రి, నేను బాత్‌రూంకు పోయొస్త" అన్నడు రంజిత్. డిక్కిలకెల్లి స్క్రూడ్రైవర్ తీసుకున్నడు. బాత్‌రూంకు స్క్రూడ్రైవర్ ఎందుకో మా చెల్లె అడగలే. పెండ్లయి పన్నెండేండ్లు, ఆమె అడుగుడు ఎప్పుడో బంద్ చేసింది.

లింగం కిడికీలు మూస్తుంటే రంజిత్ ఎనుక తలుపుకెల్లి దూరిండు. సీసాల బల్ల వెనుక కూసున్నడు. తెల్ల ప్యాంటుకు మట్టి అంటుతదని చేతిరుమాలు పరుచుకొని మరీ కూసున్నడట! జరంల గూడ ఆ ముచ్చట ఇడిచిపెట్టకుండ చెప్పిండు.

లైట్లు పోయినయ్.

తలుపులు పడ్డయ్. తాళం పడ్డది. సైకిల్ చప్పుడు దూరమైంది.

రంజిత్ లేచిండు. ఫోన్ లైటు పండ్ల నడుమ కరుచుకున్నడు. తాడు దాటిండు. పులి ముందట మోకాళ్ల మీద కూసున్నడు. గుడిల గూడ అంత భక్తితోటి కూసోడు.

గోరు మొదట్ల స్క్రూడ్రైవర్ పెట్టి ఒత్తిండు.

కిర్...

గోరు కదిలింది. ఇంక జర.

హూఁ...

ఆగిండు. గాలేమో అనుకున్నడు. కిడికీలన్ని మూసే ఉన్నయ్.

మళ్ల ఒత్తిండు.

హూఁ... హూఁ...

పక్కకెల్లి కాదు. పైకెల్లి కాదు. పులి లోపలికెల్లి.

రంజిత్ నోరు తెరుచుకున్నది. పండ్ల నడుమ ఉన్న ఫోన్ కిందపడి బోర్ల పడ్డది. చీకటి.

ఆ చీకట్ల ఆసర కోసం చెయ్యి చాపిండు. అది పులి కడుపు మీద పడ్డది.

వెచ్చగ ఉన్నది.

ఎన్నేండ్ల కిందనో సచ్చిన పులి — వెచ్చగ ఉన్నది. అరచేతి కింద మెల్లగ లేస్తున్నది... దిగుతున్నది...

బుద్ధున్నోడైతే అప్పుడే ఉరకాలె. రంజిత్ ఉరకలే. సగం ఊడిన గోరు ఇడిచిపెట్టి ఎట్ల పోతడు? ఆ ఒక్క గోరు గుంజుకొని పోదామని చీకట్ల తడుముకుంటే, చెయ్యి కుట్లు ఊడిన కాడ లోపలికి పోయింది.

ఆ చేతిని ఏదో పట్టుకున్నది.

బయట కార్ల కూసున్న మా చెల్లె అప్పటికే నాలుగుసార్లు ఫోన్ కొట్టింది. ఫోన్ మోగకుండ పెట్టుకున్నడు మహానుభావుడు. బంగ్లా లోపలికెల్లి కేక వినబడ్డది. ముందుగాల అది మనిషి కేక అనుకోలే ఆమె. తాళం చూసింది. రోడ్డు మీదికి ఉరికింది, దీక్షిత వెనుక ఏడ్చుకుంట ఉరికింది.

ఎదురుంగ లింగం వస్తున్నడు. సైకిల్ హ్యాండిల్‌కు పాల ప్యాకెట్ వేలాడుతున్నది.

"తాతా... లోపల... మా ఆయన..."

లింగం సైకిల్ పడేసి ఉరికొచ్చిండు. తాళం తీసిండు, లైటేసిండు.

రంజిత్ మొసలి కింద ముడుచుకొని పన్నడు. కాళ్లకు తాడు చుట్టుకున్నది. కుడి చెయ్యి మోచెయ్యి దాకా రక్తం. ప్యాంటు తడిసింది, అది రక్తం కాదు.

"పట్టుకున్నది... పులి పట్టుకున్నది... గాలి పీలుస్తున్నది..."

దీక్షిత వాళ్లమ్మ కొంగు వెనుక దాక్కున్నది. లింగం మాత్రం పులి దగ్గర కూసున్నడు. కుట్లు ఊడిన కాడ చెయ్యి దూర్చి... మెల్లగ బయటికి తీసిండు.

అరచేతుల పిల్లి పిల్ల. కండ్లు గూడ తెరువలే.

లోపల చీకట్ల తల్లి పిల్లి రెండు కండ్లు మెరిసినయ్. గుర్రుమన్నది.

"నాలుగు పిల్లలు సారు" అన్నడు లింగం. "పది దినాలైంది. దీనికే పాలు తేనీకి పోయిన. పిల్లల తల్లి కాడ చెయ్యి పెడితే గీరదా మరి?"

దీక్షిత కొంగు వెనుకకెల్లి వచ్చింది. ఏడుస్తనే నవ్వింది. మా చెల్లె నవ్వలే.

"గాలి పీలుస్తది అంటివి గద..." అన్నడు రంజిత్, పండ్లు కొట్టుకుంట.

"నీ అసోంటోళ్లు వస్తుంటరు సారు. గట్ల చెప్పకపోతే తోలు గూడ మిగలదు."

కింద పడ్డ గోరును లింగం ఏరిండు. అంగితోటి తుడిచి రంజిత్ ముందట పెట్టిండు.

"తీసుకపో. వేపకట్టె. అసలు గోర్లు నేను నౌకరిల చేరకముందే ఎవడో పీక్కపోయిండు. పద్దెనిమిది గోర్లు నేనే చెక్కిన. పసుపు నీళ్లల నానబెడితే గీ రంగొచ్చింది. గొలుసుకు మంచిగుంటది."

అప్పుడు మాట్లాడింది మా చెల్లె. పన్నెండేండ్లల మొదటిసారి.

"దొంగతనానికి బిడ్డను ఎంట తోలుకొచ్చినవా?"

రంజిత్ దీక్షిత దిక్కు చూసిండు. ఆ పిల్ల పిల్లిపిల్లనే చూస్తున్నది. ఆయన దిక్కు చూడలే. ఎప్పుడూ ముందట సీట్ల కూసునే పిల్ల, బోధన్ దాకా వెనుక వాళ్లమ్మ పక్కన కూసున్నది.

మా ఇంటి ముందట కారు ఆగేసరికి ఏడైంది. తెల్లబట్టల రంజిత్ దిగిండు — సగం ఎరుపు, సగం మట్టి, నడుమ తడి. మా చెల్లె ముచ్చటంతా చెప్తుంటే నేను గడప మీద కూసొని నవ్విన. కండ్లల నీళ్లొచ్చేదాక నవ్విన. ఇరవై ఏండ్ల సంది వింటున్న పులి బంగ్లా దయ్యం — పిల్లి! గొప్ప మొనగాడు రంజిత్ — పిల్లికి ప్యాంటు తడుపుకున్నడు! ఇంక షాపుకు వచ్చిన ప్రతి ఆడామెకు చెప్పాలె అనుకున్న.

పిల్లి గీరితే సూదులు తీసుకోవాలె గద. ఆయనను నేనే తోలుకపోయిన, మా గల్లీ చివర దవాఖానకు. డాక్టరు నిరోష. చిన్న పిల్లనే, నా దగ్గరనే రవికెలు కుట్టించుకుంటది.

"ఏం గీరిందక్కా?"

"పులి" అన్న. పకపక నవ్విన. "పిల్లి డాక్టరమ్మా, పిల్లి. పిల్లల తల్లి."

రంజిత్ తల దించుకున్నడు. నిరోష గూడ నవ్వుకుంటనే దూది తడిపి రక్తం తుడిచింది. మోచేతి కాడికెల్లి మణికట్టు దాక.

సగంల ఆమె నవ్వు ఆగింది.

ఇంకొక దూది తీసుకున్నది. మళ్ల తుడిచింది. లైటు దగ్గరికి గుంజింది.

నాలుగు గీతలు. లోతుగ. చెయ్యి చుట్టూ తిరిగినయ్.

నిరోష ఒక గీతకు ఇంకొక గీతకు నడుమ తన వేలు పెట్టింది. ఇంకొక వేలు పెట్టింది. రెండు వేళ్లు సరిగ్గ పట్టినయ్. పక్క సందుల పెట్టింది... రెండు వేళ్లు. దాని పక్కన... రెండు వేళ్లు.

"అక్కా..." అన్నది మెల్లగ. "ఆ పిల్లి ఎంత ఉన్నది?"

నేను నవ్వబోయిన.

రంజిత్ నా దిక్కు చూసిండు. నేను ఆ చెయ్యి దిక్కు చూసిన.