ఊపిరి లేని నిశ్శబ్దం

లోపలికి వచ్చిన ఆవిడ కుర్చీ కోసం చూడలేదు, మంచినీళ్ళ కోసం చూసింది. గ్లాసు ఖాళీ చేసి, గొంతు సవరించుకొని, అయినా గీరుకుపోతున్న స్వరంతో అంది:

"ఎల్లుండి పొద్దున నా గొంతు తీసేస్తున్నారు. ఈలోగా ఒక దొంగను పట్టుకోవాలి. నోరుండగానే ఆ దొంగను నాలుగు మాటలు అనాలి. ఆ తర్వాత పట్టుకున్నా నాకు లాభం లేదు."

అంటూనే గ్లాసును చప్పుడయ్యేలా బల్లమీద పెట్టింది.

ఆ వీధిలో డిటెక్టివును ఎవరూ అసలు పేరుతో పిలవరు. ఆరాలక్కయ్య అంటారు, ఎదురుగా గౌరవంగా, చాటున కాస్త జంకుతో. ఆమె సహాయకుడు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. తాను జీవితమంతా పిల్లలకు నూరిపోయాలని చూసిన తర్కాన్ని ఆమె ఒక్క పూటలో ఆచరించి చూపిస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని రోజుకు ఒకసారైనా బయటపెట్టకపోతే ఆయనకు తోచదు.

వచ్చినావిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఒకప్పుడు ఆవిడ వరండాలో కేకేస్తే పక్క భవనంలో పిల్లలు కూడా లేచి నిలబడేవారట. ఇప్పుడు స్వరపేటికలో కణితి. ఆపరేషన్ తర్వాత మాట ఉండదు. అయితే గొంతు బాగున్నప్పుడే కొన్ని వందల వాక్యాలు చదివి రికార్డు చేసి ఇస్తే, ఆ గొంతుతోనే మాట్లాడే యంత్రం తయారుచేసి ఇచ్చే సంస్థ ఒకటి ఉంది. కొడుక్కి సొంత రికార్డింగ్ స్టూడియో ఉంది. కిందటి నెలలో, గొంతు ఇంకా శుభ్రంగా ఉండగానే, రోజంతా కూర్చుని చదివింది. మొన్న ఆ సంస్థ నుంచి జవాబు వచ్చింది: మీరు పంపిన దానిలో గొంతే లేదు.

"స్టూడియోలో పనిచేసే అమ్మాయి చెరిపేసిందని మావాడు అంటున్నాడు. పనిలోంచి తీసేశాడు కూడా. ఆ పిల్ల ఏడ్చి మొత్తుకుంటోంది, నేను కాదని."

"ఇప్పుడు మళ్ళీ చదివితే?" అన్నాడు మాస్టారు.

"ఈ గొంతుతోనా? ఎవరో పక్కగదిలో దగ్గుతున్నట్టు లేదూ?"

ఆరాలక్కయ్య గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసింది. "ఆ రోజు స్టూడియోలో మీకు ఏం కనిపించిందో, ఏం వినిపించిందో చెప్పండి. ఎంత చిన్నదైనా సరే."

"వెళ్ళేసరికి మావాడు కంప్యూటర్ తెరుస్తున్నాడు. తెరమీద పచ్చటి కొండ బొమ్మ. బాగుందిరా అన్నాను. తర్వాత నేను అద్దం ఇవతల మైకు దగ్గర, వాడు అవతల. తెర వాడి వైపే ఉంటుంది, నాకు కనపడదు. హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు నాకు గంటలా వినిపించింది." కొంచెం గర్వంగానే అంది: "మావాడికి నామీద ఎంత శ్రద్ధంటే, ఆ వారంలోనే రెండుసార్లు అడిగాడు, 'అమ్మా, సరదాగా ఇంకోసారి చదువుదామా' అని. ఒకసారి సరిగ్గా చేసిన పని రెండోసారి చేయడమేమిటి? పో పొమ్మన్నాను."

ఆరాలక్కయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది మసక పట్టినందుకు కాదని, ఏదో ఆధారం దొరికినందుకని మాస్టారికి తెలుసు.

*

స్టూడియో ఒక సైకిళ్ళ దుకాణం మీద ఉంది. ఇరుకు మెట్లు, రబ్బరు వాసన, పైన స్పాంజి అతికించిన గోడలు. గదిని రెండుగా చేస్తూ మందపాటి అద్దం. అద్దానికి ఒకవైపు మైకు, రెండోవైపు కంప్యూటరు. రెండింటి మధ్యా తీగెలు దిగిన చిన్న లోహపు పెట్టె, దాని ముఖాన ఆకుపచ్చ దీపాలు.

కొడుకు మెత్తటి మనిషి. వచ్చినవాళ్ళకు కుర్చీలు తానే లాగి వేశాడు.

"ఆ రోజు ఆ అమ్మాయి సెలవండీ, పన్ను పీకించుకోడానికి వెళ్ళింది. నేనే రికార్డు చేశాను."

"రికార్డు అవుతోందో లేదో తెర చూస్తూనే ఉన్నారా?" అడిగింది ఆరాలక్కయ్య.

"కళ్ళు తిప్పితే ఒట్టు. అమ్మ మాట్లాడినప్పుడల్లా గీత ఎగిరెగిరి పడుతూనే ఉంది."

"కంప్యూటరుకు కొత్త వెర్షన్ వేసినట్టున్నారు?" అంటూ ఆమె తెరమీది కొండ బొమ్మ వైపు చూసింది.

"అదా? రికార్డింగు అయిపోయాక, ఆ వారంలో ఎప్పుడో. అదే వేసుకుంది."

అతని చేతిలోని ఫోను టింగుమంది. ఆమె ముఖంలోకి చూస్తూనే అతను బొటనవేలితో నొక్కేశాడు. కాసేపటికి మళ్ళీ టింగుమంది, మళ్ళీ నొక్కేశాడు.

"ఏం అడిగిందండీ?" అన్నాడు మాస్టారు.

"ఎవరికి తెలుసు మాస్టారూ! ఇవి పొద్దస్తమానం ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాయి. వద్దంటే నోరు మూస్తాయి."

స్టూడియో బుకింగులు చూసే కోడలు గుమ్మంలోనే నిలబడి విన్నది. ఆమెకు మొహమాటం లేదు. "ఆ పిల్లకి తలబిరుసండీ. కొత్త వెర్షన్ వేస్తే రికార్డింగ్ ప్రోగ్రామ్ పాడవుతుందట, తాను చూసేదాకా వేయకూడదట. యజమానికే ఆర్డర్లు! పన్నుతో పాటు ఆ నోరు కూడా పీకించుకుని రావలసింది."

"నువ్వూరుకో" అన్నాడు భర్త, నీరసంగా.

ఆ నిందితురాలిని ఆరాలక్కయ్య కింద సైకిళ్ళ దుకాణం దగ్గరకు పిలిపించింది. హెడ్‌ఫోన్స్ మెడలో లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు కనుక అందరూ చెవులపిల్ల అంటారు. ఇవాళ మెడ బోసిగా ఉంది.

"చెరపలేదండీ. అసలు తెరవనేలేదు. 'అమ్మ సొంత మాటలు, వినకు, అలాగే పంపించెయ్' అన్నారు సార్. పంపించాను. వినకుండా పంపడం నా తప్పే. నేనొక్కసారి విని ఉంటే అప్పటికింకా మేడమ్‌కి గొంతు ఉంది. అన్నం సయించడం లేదండీ నాకు."

"నువ్వు పన్ను నొప్పితో వెళ్ళేనాటికి కంప్యూటర్ తెరమీద బొమ్మ ఏది?"

"సముద్రం."

"తిరిగి వచ్చేసరికి?"

"కొండ. కొత్త వెర్షన్‌తో పాటు వచ్చే బొమ్మ అది. సార్‌ని అడిగితే నిన్ననే వేసుకుందన్నారు. నాకు భయమేసింది గానీ, చూస్తే అంతా బాగానే పనిచేస్తోంది. నన్ను ఏమీ అడగనూ లేదు."

"ఏం అడగాలి?"

"కొత్త వెర్షన్‌లో రికార్డింగ్ ప్రోగ్రామ్ మొదటిసారి తెరవగానే అడుగుతుందండీ, ఈ ప్రోగ్రామ్ మైకు వాడుకోవచ్చా అని. ఒక్కసారే. సార్ సరేనని ఉంటారనుకున్నాను."

"వద్దంటే?"

ఆ పిల్ల తెల్లబోయింది. "తెలీదండీ. స్టూడియోలో కూర్చుని మైకు వద్దని ఎవరంటారు?"

*

మరునాడు మధ్యాహ్నం అందరినీ అద్దం ముందు కూర్చోబెట్టింది ఆరాలక్కయ్య. హెడ్‌మిస్ట్రెస్ గోడవారన నిటారుగా కూర్చుంది. చెవులపిల్ల తలుపు దగ్గరే నిలబడింది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు, ఆరాలక్కయ్య అనేదాకా.

"ముందు చెరిపారన్న మాట సంగతి చూద్దాం. చెరిపితే రికార్డింగు ఉండకూడదు. ఇది ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎంత నిడివి ఉండాలో అంతా ఉంది. గొంతు మాత్రం లేదు." తెరమీద ఒక గీత చూపించింది; స్కేలు పెట్టి గీసినట్టుంది. "ఇవాళ పొద్దున మాస్టారు, నేను ఖాళీ గదిని రికార్డు చేశాం. ఎవరూ మాట్లాడలేదు. అదే ఇది." రెండో గీత సన్నగా, వెంట్రుకంత, వణుకుతోంది. "కింద సైకిళ్ళ చప్పుడు, గోడల్లో గాలి, మైకు తీగెలోని సన్నటి రొద. ఖాళీ గదికి కూడా ఊపిరి ఉంటుంది. మొదటి దాంట్లో ఊపిరి లేదు. అంటే ఆ రోజు కంప్యూటరుకు ఈ గదే వినిపించలేదు."

"నాకు వినిపించిందిగా!" అంది హెడ్‌మిస్ట్రెస్.

"వినిపించింది. మీ అబ్బాయికీ వినిపించింది." ఆమె కొడుకు చేతికి హెడ్‌ఫోన్స్ ఇచ్చింది. "పెట్టుకోండి. అమ్మా, లోపలికి వెళ్ళి ఏదైనా మాట్లాడండి."

అద్దం అవతల ముసలావిడ ఏదో తరగతి హాజరు పిలవడం మొదలుపెట్టింది. లోహపు పెట్టె మీద దీపాలు గెంతాయి. ఆరాలక్కయ్య చెయ్యి చాచి కంప్యూటరును ఆపేసింది. తెర నల్లబడింది.

"వినిపిస్తోందా?"

కొడుకు హెడ్‌ఫోన్స్ తీసేశాడు. "వినిపిస్తోంది."

"మైకు నుంచి గొంతు ఈ పెట్టెలోకి వస్తుంది. పెట్టె దాన్ని నేరుగా చెవులకు పంపేస్తుంది; కంప్యూటరు విన్నా, వినకపోయినా. ఎగిరి పడేవి ఈ దీపాలు. తెరమీది గీత కాదు. కళ్ళు తిప్పలేదని ఒట్టు పెట్టిన మనిషి అసలు తెరే చూడలేదు."

కోడలు లేచింది. "అయితే మిషన్ పాడైంది! మా ఆయన ఏం చేస్తాడు?"

"కూర్చోమ్మా. మీ అత్తగారు చదవబోయే ముందే కొండ బొమ్మ చూశారు. కొండ వచ్చిందంటే కొత్త వెర్షన్ అప్పటికే వచ్చేసిందన్నమాట. తర్వాత వేసుకుందన్నది అబద్ధం. ఆ కొత్త వెర్షన్‌లో రికార్డింగ్ ప్రోగ్రామ్ మొదటిసారి తెరవగానే అది ప్రశ్న అడిగింది: మైకు వాడుకోవచ్చా? ఏదడిగినా చూడకుండా వద్దని నొక్కే చేతిని నిన్న మాస్టారు, నేను చూశాం. వద్దంటే ఏమవుతుందో మాస్టారు, నేను ఇక్కడే పరీక్షించాం. ప్రోగ్రామ్ మొరాయించదు, ఫిర్యాదు చేయదు. బుద్ధిగా రికార్డు చేస్తూనే ఉంటుంది, ఖాళీని."

"పొరపాటేనండీ" అన్నాడు కొడుకు.

"అంతవరకూ పొరపాటే. అంతవరకే అయితే నేను ఇందరిని పోగుచేయను." ఆమె స్వరం పెరగలేదు, పెరగకపోవడమే అక్కడ అందరినీ కట్టిపడేసింది. "ఈ అమ్మాయి తిరిగి వచ్చేసరికి ప్రోగ్రామ్ ఏమీ అడగలేదు, బాగానే పనిచేసింది. వద్దన్న అనుమతి దానంతటదే సరే అని మారదు. ఎవరో సెట్టింగుల్లోకి వెళ్ళి వెతికి, ఆ స్విచ్చు తిప్పారు. ఏమీ రికార్డు కాలేదని తెలియని మనిషి ఆ స్విచ్చును ఎందుకు వెతుకుతాడు? చక్కగా అయిందనుకున్న రికార్డింగును మళ్ళీ సరదాగా చదువుదామని తల్లిని ఎందుకు రెండుసార్లు అడుగుతాడు? వినకుండా పంపించెయ్ అని ఈ పిల్ల చేతిలో ఎందుకు పెడతాడు?"

కింది దుకాణంలో సైకిలు చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ గదికి ఊపిరి ఉందని అప్పుడు అందరికీ తెలిసింది.

"ఆ సాయంత్రమే విని చూశాను" అన్నాడతను. "ఏమీ లేదు. అమ్మ అలసిపోయి పడుకుంది. రేపు చెబుదామనుకున్నాను."

"తెర ఎందుకు చూడలేదు?"

"వాళ్ళిచ్చిన వాక్యాలు అలాంటివండీ. 'నాకు నొప్పిగా ఉంది', 'లైటు ఆర్పెయ్', 'నన్ను పక్కకు తిప్పు'... అమ్మ పాఠం చెప్పినట్టు చదువుతోంది. చూడలేక కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను. రేపు, రేపు అనుకుంటూ ఉండగానే అమ్మ గొంతు... అప్పుడిక చెప్పడానికి ఏముంది?"

హెడ్‌మిస్ట్రెస్ అప్పటికే అద్దం అవతలి నుంచి వచ్చి నిలబడి ఉంది. "నాకు భయపడి ఉంటాడు. నా పెంపకమే..."

"కాదమ్మా." ఆరాలక్కయ్య కఠినంగానే అడ్డుకుంది. "ఆ తప్పు మీ ఖాతాలో వేసుకోకండి, దానికి సొంతదారు ఎదురుగానే ఉన్నాడు. మీరు పొమ్మన్నది సరదా చదువును. నిజం చెప్పి ఉంటే ఏం చేసేవారు?"

"చెంప పగలగొట్టేదాన్ని. ఆ పూటే మళ్ళీ మైకు ముందు కూర్చునేదాన్ని."

"అదీ సంగతి. ఒక చెంపదెబ్బ తప్పించుకోవడానికి ఈయన మీ గొంతునూ, ఈ పిల్ల పరువునూ ఖర్చుపెట్టాడు. మీ గొంతు పోయింది వద్దని నొక్కినప్పుడు కాదు. చెప్పకుండా గడిపిన ఒక్కొక్క రోజూ కొంచెం కొంచెంగా పోయింది."

మాస్టారికి ఆమెను మెచ్చుకోవాలనిపించలేదు, జీవితంలో మొదటిసారి. కళ్ళు తుడుచుకున్నాడు.

ముసలావిడ కొడుకు వైపు నడిచింది. అతను తల వంచాడు, బడిలో వంచినట్టు. అనదలచిన నాలుగు మాటల కోసం అందరూ ఎదురు చూశారు. ఆవిడ అతన్ని దాటి తలుపు దాకా వెళ్ళింది.

"అమ్మాయ్, నిన్ను దొంగన్నాను. క్షమించు."

చెవులపిల్ల తలూపింది.

"నాకు ఇవాళ సాయంత్రం ఆస్పత్రిలో చేరేదాకా గొంతుంది. ఎలాంటిదైనా నాదే. రికార్డు చేస్తావా?"

"యంత్రం కూడా ఇలాగే మాట్లాడుతుంది మేడమ్. ఈ జీరతోనే, ఎప్పటికీ."

"మాట్లాడనీ."

"ఇక్కడ మళ్ళీ పనిలో మాత్రం చేరను. ఇవాళ మీకోసం చేస్తాను."

ఆ పిల్ల కంప్యూటరు తెరిచింది. మైకు అనుమతి ఉందని అందరికీ తెరమీద చూపించింది. బల్లమీద ఉన్న హెడ్‌ఫోన్స్ తీసుకుని మెడలో వేసుకుంది. కోడలు ఏదో అనబోయి, చల్లగా వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి మైకు పక్కన పెట్టింది.

హెడ్‌మిస్ట్రెస్ అద్దం దాటబోతూ ఆగింది. "ఒరేయ్, కుర్చీ ఇటు తిప్పుకో. అయిపోయేదాకా తెర మీంచి కళ్ళు తీయకు."

అతను తిప్పుకున్నాడు.

"నీళ్ళు కావాలి" అని మొదటి వాక్యం చదివింది ఆవిడ. గరగరలాడుతూ, మధ్యలో విరుగుతూ వచ్చింది ఆ గొంతు. తెరమీద గీత లేచింది, అంచులన్నీ చిరిగినట్టున్నాయి. ఇకమీదట ఆ ఇంట్లో ఎప్పుడు దాహం వేసినా అతన్ని అడగబోయేది ఆ గొంతే. అతను రెప్పవేయకుండా చూస్తూ కూర్చున్నాడు.