మందుల షాపాయన మలుపులో హారన్

మా కొండవీధిలో మందుల షాపాయన ఇంటి మలుపంటే పట్టపగలు కూడా అందరికీ జంకే. ఇప్పుడు షాపూ లేదు, ఆయనా లేడు. మిగిలింది ఆ పాడు ఇల్లు. కిటికీలకు చెక్కలు కొట్టేశారు, కప్పులోంచి ఏదో చెట్టు మొలిచింది. పైనుంచి దిగే రోడ్డు సరిగ్గా ఆ ఇంటి ముందు మెలిక తిరిగి ఎడమకి పోతుంది. అంత మెలిక మతాన్సాస్ ఊరు మొత్తంలో ఇంకోటి లేదు. అక్కడ ఎన్ని సైకిళ్లు పడ్డాయో, ఎంతమంది మోకాళ్లు పగిలాయో... అన్నీ పాపం ఆ ముసలాయన దెయ్యానికే అంటగట్టారు మావాళ్లు.

అదంతా పాత దెయ్యం. ఈ మామిళ్ల కాలంలో కొత్తది వచ్చింది. దానికి పేరుంది, వీధంతటికీ దాంతో స్నేహం కూడా ఉండేది. ఒనేలియో.

కరెంటు పోయిన సాయంత్రాల్లో వినపడేది. కరెంటు పోని సాయంత్రం మా క్యూబాలో ఎక్కడుందిలెండి! వీధంతా చిమ్మచీకటి... ఇంజను చప్పుడు లేదు... లైటు వెలుగు లేదు... ఉన్నట్టుండి ఆ మలుపులోంచి —

పా...ఆ...మ్.

అంతే. మళ్లీ కీచురాళ్లు తప్ప ఏమీ ఉండదు.

గొంతు బొంగురుపోయిన ఆవు అరిచినట్టుండే ఆ మోత ఒనేలియో కారుది. పసిపిల్లలైనా గుర్తుపడతారు. ఒనేలియో చూస్తే పోయిన తుపాన్ల రోజుల్లోనే పోయాడు. పోయింది కూడా ఆ మలుపులోనే, ఆ కారులోనే.

"చెప్తే విన్నావుటే?" అంది పక్కింటి కూకా, గోడ మీంచి తల పెట్టి. "గూట్లో ఓ గ్లాసు నీళ్లు పెట్టవే జొరైదా, చచ్చినవాళ్లకి దాహం ఎక్కువ అన్నానా? పెట్టావా? చూడు, నీళ్ల కోసం తిరుగుతున్నాడు!"

జొరైదా ఒనేలియో పెళ్లాం. బట్టలు ఆరేస్తూ విసుక్కుంది. "దాహమేస్తే ఇంట్లోకొచ్చి తాగుతాడు గానీ రోడ్డు మీద హారన్ కొడతాడేమిటి కూకా?"

"బతికున్నప్పుడు ఏం చేశాడు మరి?"

అదీ నిజమే. బతికున్నప్పుడు అతను చేసింది అదే.

ఒనేలియోది యాభైల నాటి షెవ్రొలే. వయసులో అతనికంటే పెద్దది. పేరుకే షెవ్రొలే గానీ, ఇంజను చేపల పడవది, గేరుబాక్సు ఏదో రష్యా జీపుది, వెనక తలుపు గొళ్లెం వాళ్ల బాత్రూముది. బ్రేకు ఆయిల్ దొరక్కపోతే ఆముదంలో ఆల్కహాలు కలిపి పోసేవాడు. ఆదివారం వస్తే ఆ దిక్కుమాలిన బండి పెరట్లో ఉండాలి, దాని కింద మొగుడు ఉండాలి. జొరైదా లోపల కూర్చుని పెడల్ తొక్కాలి. "తొక్కు... పట్టుకో... వదులు" అని కిందనుంచి గొంతు. "మా ఆయన మొహం కంటే కాళ్లే ఎక్కువ చూశాను నేను" అనేది ఆవిడ. అని, మళ్లీ ఆ కాళ్ల చెప్పులు ఎండలోంచి నీడలోకి జరిపేది.

చిన్న కిర్రుమన్న చప్పుడొచ్చినా నిద్రపోయేవాడు కాదు ఒనేలియో. అర్ధరాత్రైనా లేచి ఆ మర బిగించాల్సిందే. అలాంటివాడికి పెళ్లాం పుట్టినరోజు గుర్తుండదు. పెళ్లిరోజు అసలే గుర్తుండదు. సంతకి పంపితే అరటికాయలు మర్చిపోయి సంచీ మాత్రం తెచ్చేవాడు. కానీ ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. రోజంతా జనాన్ని ఎక్కించుకుని తిరిగి, సాయంత్రం ఇంటికి దిగుతూ, ఆ మలుపులో హారన్ కొట్టేవాడు. అది విని జొరైదా పొయ్యి వెలిగించి కాఫీ కూజా ఎక్కించేది. అతను బండి పెట్టి చేతులు కడుక్కునేసరికి కాఫీ పొంగి ఉండేది. సగం కాఫీ, సగం వేయించిన బఠాణీలు, రేషను కాఫీ అంటే అంతేగా. అయినా ఆ వాసనకి వీధి మొత్తం "ఒనేలియో వచ్చాడు" అనుకునేది.

జొరైదా పక్కన కూర్చున్న రోజు కూడా ఆ మలుపులో హారన్ మోగేది. "నేను ఇక్కడే ఉన్నాగా, ఎవర్ని పిలుస్తున్నావయ్యా?" అంటే, "అలవాటే" అని నవ్వేవాడు.

సరే, ఇక ఆ రోజు సంగతి. జొరైదా ఎవరికీ చెప్పుకోలేనిది.

ఆ రోజు హారన్ మోగింది. ఎప్పటిలా ఓసారి మోగి ఊరుకోలేదు. మోగింది... మోగుతూనే ఉంది... జొరైదా కిటికీలోంచి కూడా చూడలేదు. "ఏమిటివాళ ఇంత సంబరం!" అని ఒక్కత్తే నవ్వుకుంది. కాఫీ ఎక్కించింది. రెండు కప్పులు కడిగింది. కూజా పొంగేదాకా పొయ్యి దగ్గరే నిలబడి, ఏదో పాట కూనిరాగం తీసింది కూడా. ఇంతలో హారన్ ఆగింది. తర్వాత ఎవరో తలుపు కొట్టారు.

గుండె ఆగిపోయిందన్నారు. మలుపు తిరుగుతూ తిరుగుతూ పోయాడట, బండి గోడకి ఆనుకుని ఆగిందట.

నా మొగుడు అంతసేపు నన్ను పిలిచాడు. కూతవేటు దూరంలో. నేను కప్పులు కడుక్కుంటూ పాట పాడుకున్నాను. ఇదీ ఆవిడ గుండెల్లో కుంపటి. పగలూ రాత్రీ అదే. కాఫీ మానేసింది. కూజా అటకెక్కింది. దినాలు కాకముందే ఒనేలియో స్నేహితుడు రిగోని పిలిచి, మొహం అటు తిప్పుకుని, "ఆ బండి తీసుకుపోరా. నా కళ్ల ముందు ఉండకూడదు" అంది.

ఇప్పుడు మళ్లీ ఆ మోత. వీధిలో అందరూ దెయ్యమని తలుపులు వేసుకుంటుంటే, జొరైదా భయపడలేదండీ. ఆవిడకి భయం ఇంకోటి. ఇంకా పిలుస్తున్నాడు, ఇంకా నేను వెళ్లలేదు!

ఆ సాయంత్రం దీపాలు పోగానే బయల్దేరింది. ఇంట్లో వేసుకునే తెల్ల గౌను మీదే, ఏప్రను కూడా విప్పకుండా. కూకా కిటికీ సందులోంచి చూసి గుసగుసగా కేక పెట్టింది. "ఒసేయ్, ఎక్కడికే? శిలువ గుర్తు వేసుకుని ఇంట్లోకి పో!"

"ఓసారి అడిగొస్తాను కూకా."

"ఏమడుగుతావే?"

జొరైదా ఆగలేదు.

మలుపులో గాలి కూడా లేదు. పాడు ఇంటి చెక్కల సందుల్లోంచి గబ్బిలాలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. గోడ మీద ఒనేలియో బండి గీరుకున్న మచ్చ ఇంకా ఉంది. జొరైదా చేత్తో తడిమి చూసింది. "వచ్చాను" అంది మెల్లగా. "ఆలస్యమైంది. తప్పైపోయింది... ఇదిగో, వచ్చాను."

ఏ చప్పుడూ లేదు.

అప్పుడు... పైనుంచి... ఏదో దొర్లుతున్నట్టు... గులకరాళ్లు నలిగిన చప్పుడు. ఇంజను లేదు. వెలుగు లేదు. చీకట్లో ఇంకో పెద్ద చీకటి తన మీదకి జారివస్తోంది. వంకీలు తిరిగిన ఆ ముందు భాగం ఆకారం ఆవిడకి తెలుసు...

పా...ఆ...మ్!

జొరైదా కళ్లు మూసుకుని రోడ్డు మధ్యకి అడుగేసింది.

కీచుమని బ్రేకు. "వామ్మో! తల్లీ! దెయ్యం!" అని లోపల్నుంచి మగగొంతు ఒకటి గావుకేక.

జొరైదా కళ్లు తెరిచింది. దెయ్యం ఇలా అరవదు.

"రిగో?"

"...వదినా? నువ్వా? నా పైప్రాణాలు పైనే పోయాయి కదా! ఆ తెల్ల గౌనేమిటి, ఆ నిలబడ్డమేమిటి!"

రిగోది కూడా అదే కాలం బండి. "ఇంజను ఏమైందిరా? లైట్లేవి?" అంది ఆవిడ.

"కొండ దిగేటప్పుడు ఇంజనెందుకు వదినా? పెట్రోలు మా తాత పంపిస్తాడా? లైట్లేస్తే బ్యాటరీ దిగిపోతుంది. ఈ కొండ మీద అందరం ఇంతేగా."

జొరైదా కిటికీలోంచి లోపలికి చెయ్యి పెట్టింది. చీకట్లో చక్రం తగిలింది. ఒకచోట పగిలి, దాని మీద నైలాను చేపల దారం వరసగా చుట్టి ఉంది. ఆ దారం చుట్టింది తనే. పోయినేడు వానాకాలంలో, వంటింటి గుమ్మంలో కూర్చుని.

"ఇది మాది" అంది.

రిగో తల దించుకున్నాడు. "నా స్టీరింగు రాడ్డు విరిగిపోయింది వదినా. అన్న బండిది, చక్రం, హారన్‌తో సహా వేసుకున్నా. చెప్పకూడదు కదా నీకు..."

చెప్పకూడదు, నిజమే. మా దగ్గర పోయినవాడి బండి ఎప్పటికీ పోదు. తలుపు ఒకడికి, చక్రం ఒకడికి, అద్దం ఇంకొకడికి... బతికున్న బండ్లలోకి సర్దుకుంటుంది. ఏది ఎవరి బండిలో ఉందో పెళ్లానికి మాత్రం ఎవరూ చెప్పరు. చెప్తే ఆ మనిషి రోడ్డు మీద పోయే ప్రతి బండి వెంటా పరిగెడుతుందని భయం.

"మరి హారన్ ఎందుకు కొట్టావురా? వీధంతా హడలి చస్తుంటే?"

రిగో రెండు చేతులూ చక్రం మీంచి తీసేశాడు.

"నేను కొట్టలేదు వదినా."

జొరైదా చుట్టూ చీకట్లోకి చూసింది.

"ఒట్టు. నా రెండు చేతులూ చక్రం అంచు మీదే ఉన్నాయి. రాడ్డు లోపల తీగ ఒకటి ఒరుసుకుపోయింది. పూర్తిగా ఎడమకి తిప్పితే ఇనుముకి తగులుతుంది. దానంతటదే మోగుతుంది. ఇవాళ్టిది కాదు... చాలా ఏళ్లుగా అంతే."

జొరైదా తలుపు పట్టుకుంది. "ఆ రోజు నువ్వేగా ముందు వచ్చింది" అంది. "నిజం చెప్పు. నన్ను పిలిచాడా?"

"లేదు వదినా." రిగోకి ఇప్పుడర్థమైంది ఇన్నాళ్లూ ఈ మనిషి ఎందుకలా ఎండిపోయిందో. "అయ్యో, వదినా! నువ్వు ఇదా మనసులో పెట్టుకున్నది? అన్న చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి, వేరుశనగల పొట్లం మీద. చక్రం ఎడమకి తిరిగిపోయి అలాగే ఉండిపోయింది, అందుకే అంతసేపు మోగింది. నేను చక్రం తిన్నగా తిప్పితేనే ఆగింది. పిలిచే టైమెక్కడిది? నువ్వు పరిగెత్తుకొచ్చినా... అప్పటికే లేడు."

పిలవలేదు. నేను వినిపించుకోకుండా పాట పాడుకోలేదు. ఇన్ని నెలల కుంపటి ఆరింది. బండి మెట్టు మీద కూలబడింది జొరైదా. హమ్మయ్య అనుకుంది.

అనుకుందో లేదో, ఇంకో మాట వచ్చి పొడిచింది.

"మరి అంతకు ముందు? రోజూ మోగింది... అదీ తీగేనా?"

రిగో చక్రం మీది దారాన్ని గోటితో గీకాడు.

"రోజూ తీగేనట్రా?"

"...ఆ."

"అంటే ఒక్క రోజు కూడా నన్ను పిలవలేదన్నమాట."

ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మొగుడు పోయినప్పుడు ఒకసారి పోయాడు. ఇప్పుడు పెళ్లినాటి నుంచీ ఉన్న సాయంత్రాలన్నీ పోయాయి. వాటిని చూసుకునే కదా ఆవిడ ఇన్నాళ్లూ బతికింది.

రిగోకి ఏం చెయ్యాలో తోచలేదు. సీటు కింద తడిమి కటింగ్ ప్లేయర్ తీశాడు. "ఇప్పుడే కోసి పారేస్తా వదినా. ఇన్నాళ్లూ చెయ్యి రాలేదు నాకు, అన్న గొంతులా ఉందని... ఇక నిన్ను ఏడిపించదులే."

జొరైదా దిగ్గున లేచింది. ఆ ప్లేయర్ లాక్కుని ఏప్రను జేబులో దోపుకుంది.

"ముట్టుకోకు! తీగో, గీగో... నాకు మిగిలింది అదొక్కటే."

రిగో ఆవిడ వంక అలాగే చూస్తుండిపోయాడు. తర్వాత చక్రం మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు, అంత మగాడూ.

"ఏమైందిరా?"

"అన్న కూడా ఇలాగే లాక్కున్నాడు వదినా." ముక్కు చీది చెప్పాడు. "ఈ తీగ మొదటిసారి మోగిన వారమే నేను పట్టుకొచ్చా, ఇదే ప్లేయరు. 'ఎంత పని అన్నా, చిటికెలో బాగుచేస్తా' అన్నా. లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. చిన్న కిర్రు చప్పుడుకే నిద్రపోనివాడు! ఏమన్నాడో తెలుసా? 'ముట్టుకోకురా. ఇది మోగితే మా జొరైదా కాఫీ పెడుతోంది. బాగుచేస్తే రోజూ నేను గుర్తుపెట్టుకుని కొట్టాలి. నా సంగతి నీకు తెలుసుగా, ఏదో ఒకరోజు మర్చిపోతాను. ఆ రోజు అది పొయ్యి దగ్గర నిలబడి ఎదురుచూస్తుంది. నేను మర్చిపోతానేమో గానీ, తీగ మర్చిపోదురా' అన్నాడు."

అప్పుడు ఏడ్చింది జొరైదా. పాడు ఇంటి గోడకి నుదురు ఆనించి, ఆ గీరుకున్న మచ్చ మీద చెయ్యి పెట్టి, గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు విని పై ఇళ్లలో కిటికీలు మూసుకున్న చప్పుడు వినిపించింది. మర్నాటికి ఆ మలుపులో ఆడదెయ్యం కూడా ఉందని ఊరంతా పాకింది, అది వేరే సంగతి.

చాలాసేపటికి ఏప్రనుతో మొహం తుడుచుకుంది. "బండి వెనక్కి తోస్తాను పట్టు" అంది.

"ఎందుకు వదినా?"

"నేను ఇంటికెళ్లేదాకా ఇక్కడే ఆగి, మళ్లీ మలుపు తిప్పుకుని రా. తిన్నగా తిప్పకు. పూర్తిగా ఎడమకి."

ఇద్దరూ కలిసి ఆ బండిని రొప్పుతూ పైకి తోశారు. జొరైదా చీకట్లో ఒక్కత్తే దిగివెళ్లింది. కూకా సందులోంచి, "ఏమన్నాడే?" అని అడిగింది. జొరైదా చెప్పలేదు. వంటింట్లోకి వెళ్లి, కుర్చీ ఎక్కి, అటక మీంచి కూజా దించింది. దుమ్ము కడిగింది. పొయ్యి దగ్గర నిలబడింది, అగ్గిపెట్టె పట్టుకుని.

మలుపులోంచి హారన్ మోగింది.

కూకా కిటికీ ధడాలున మూసుకుంది. జొరైదా అగ్గిపుల్ల గీసింది.