తలుపు మీద దోన్‌కా ఫోటో

గొడవ క్యాబేజీ పీపా దగ్గర మొదలైంది. చలికాలమంతా నేలమాళిగలో ఊరే క్యాబేజీకి వారానికోసారి అడుగునున్న ఉప్పునీళ్ళు తీసి పైనుంచి పోయాలి. లేకపోతే మెత్తబడి వాసనేస్తుంది. ఆ పని ఈసారి ఎవరి వంతన్నది ప్రశ్న.

"శనివారం నీ వంతు," అన్నాడు మెతోది, కాఫీ కప్పు బల్ల మీద గట్టిగా పెట్టి. "నువ్వేమో సోఫియా వెళ్ళి ఫోటోలకి కూర్చున్నావు."

"ఆ ముందు వారం మూత వంకరగా పెట్టింది నువ్వు," అంది దోన్‌కా.

"పాస్‌పోర్టు ఫోటోకి మూడు నిమిషాలు పడుతుంది. నీకు మూడు గంటలు పట్టింది. ఏం తీశాడమ్మా అంతసేపు?"

"అది పోస్టర్‌కి, పాస్‌పోర్టుకి కాదు."

"అవునవును. ఇక సోఫియా గోడలన్నిటి మీదా నా పెళ్ళాం మొహమే."

పొయ్యి పక్కన కూర్చున్న మెతోది తల్లి వెలికా కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "మొహాల సంగతి తరవాత. ముందు ఎవరో ఒకరు ఆ క్యాబేజీ మొహం చూడండి."

మెతోది గొణుక్కుంటూ మెట్లు దిగాడు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. చేతిలో క్యాబేజీ లేదు, వీధి తలుపు మీంచి పీకిన ఒక కాగితం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు.

వాళ్ళ ఊరు రజ్లోగ్‌లో ఎవరు పోయినా అలాంటి కాగితం వాళ్ళ గుమ్మానికి, బస్టాపులో, కరెంటు స్తంభాలకి అంటిస్తారు. పాలకి వెళ్ళేవాళ్ళు ఆగి చదువుకుని వెళతారు. నల్లటి అంచు, పైన సిలువ, మధ్యలో ఫోటో. ఈ కాగితంలో ఉన్న ఫోటో దోన్‌కాది. కుట్టుపని చేసిన జాకెట్టులో, రుమాలు ముడి మీద చెయ్యి పెట్టి పగలబడి నవ్వుతోంది. మణికట్టుకి మార్చి నెలలో అందరూ కట్టుకునే ఎరుపు తెలుపు దారం, దాని రెండు కుచ్చులతో సహా స్పష్టంగా కనిపిస్తోంది.

"నలభై ఏడో ఏట మమ్మల్ని విడిచి వెళ్ళిన దోన్‌కా. ఆ గొంతు ఇక వినపడదు. దుఃఖిస్తున్నవారు: భర్త మెతోది, అత్తగారు వెలికా, ఇతర బంధువులు."

వెలికా దిష్టి పోవాలని మూడుసార్లు తూతూ అని ఉమ్మింది. దోన్‌కా కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. ఆ జాకెట్టు ఆమె తొడుక్కున్నది కిందటి శనివారం, ఆ స్టూడియోలో మాత్రమే. ఫోటోగ్రాఫర్ లింకు పంపింది నిన్న సాయంత్రం. దాన్ని ఆమె ఎవరికీ చూపించలేదు. భుజం వెనకనుంచి తొంగిచూసింది ఒక్క మెతోదే.

కాసేపటికి దోన్‌కా చెల్లెలు ఎలిత్సా పరుగున వచ్చింది. రొట్టెల కొట్టు దగ్గర ఎవరో చెప్పారట. అక్కని వాటేసుకుని ఏడ్చింది.

"వెళ్ళొద్దక్కా. ఇది మంచి శకునం కాదు. ఆ గొంతు ఇక వినపడదని రాశారు చూడు. నువ్వు సోఫియా వెళ్ళొద్దు."

ముప్పై ఏళ్ళుగా అక్కాచెల్లెళ్ళు జంటగా పాడుతున్నారు. దోన్‌కా పాట ఎత్తుకుంటుంది. ఎలిత్సా ఒకే శ్రుతి పట్టుకుని కింద నిలబెడుతుంది. పెళ్ళిళ్ళలో, సంతల్లో జనం వాళ్ళ పేర్లు విడివిడిగా పలకరు. నెల క్రితం రాజధాని సోఫియాలో ఒక గాన బృందం ఇద్దరినీ విని, దోన్‌కాని ఒక్కదాన్నే తీసుకుంటామని, పోస్టర్‌కి ఫోటో ముందే దిగమని చెప్పింది. శ్రుతి పట్టేవాళ్ళు వాళ్ళకి ఉన్నారట. జవాబు సోమవారం పొద్దుటికల్లా చెప్పాలి.

ఇలాంటి అవకాశం మళ్ళీ రాదని దోన్‌కాకి తెలుసు. ఈ కాగితం ఎవరు అంటించారో తెలియకుండా స్టేజీ ఎక్కి నోరు తెరవలేనని కూడా తెలుసు.

మధ్యాహ్నం బస్సుకి ఆమె బ్లగోఎవ్‌గ్రాద్ పట్నం వెళ్ళింది.

*

ప్రైవేటు డిటెక్టివ్ సావా ద్రగనోవ్ ఆఫీసు బూట్లు బాగుచేసే కొట్టు పైన ఉంది. మనిషి సన్నగా, బట్టతలతో, స్కూలు లెక్కల మాస్టారిలా ఉన్నాడు. పక్క బల్ల దగ్గర లిల్యానా అనే సహాయకురాలు ఆయన నోటివెంట వచ్చే ప్రతి మాటా రాసుకుంటోంది, ఆఖరికి "టీ తాగుతారా" అన్నది కూడా.

"మీ చావు కోరేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అడిగాడు సావా.

"చావు కోరేంత గొప్పదాన్ని కాదండీ."

"పోనీ, మీరు వెళ్ళకుండా ఉంటే బాగుండుననుకునేవాళ్ళు?"

దోన్‌కా వేళ్ళ మీద లెక్కపెట్టింది. మొగుడికి ఫోటోగ్రాఫరంటే మంట. ఎంపికలో రెండో స్థానంలో ఆగిపోయిన గిన్‌కా, దోన్‌కా వెళ్ళకపోతే ఆ చోటుకి వస్తుంది. పైగా ఊళ్ళో ఈ చావు కాగితాలు అచ్చేసే కొట్టు ఆమెదే.

"స్టూడియోకి ఎవరెవరు వెళ్ళారు?"

"నేనూ, మా చెల్లెలూ. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయమేసి రమ్మన్నాను. అపాయింట్‌మెంటు కూడా తనే ఫోన్‌లో పెట్టించింది."

సావా లింకులో ఉన్న నలభై రెండు ఫోటోలూ ఒక్కొక్కటే చూశాడు. "మీరివన్నీ చూశారా?"

"పదో పన్నెండో చూశాను. నా మొహం అన్నిసార్లు చూసుకోడానికి సిగ్గేసింది."

"ఊళ్ళో అందరి చేతులకీ దారాలున్నాయి. తిరిగొచ్చిన కొంగ పక్షో, పూసిన చెట్టో కనిపించేదాకా తియ్యరు కదా. మీ చెయ్యి బోసిగా ఉందేం?"

"ఆ ఫోటోగ్రాఫర్ తీసెయ్యమన్నాడండీ, ఫోటోలో అడ్డమని. నేను తియ్యనని మొండికేశాను. వీధి చివర రేగు చెట్టు పూసింది, నేను చూశానక్కా అని ఎలిత్సా చెబితే అప్పుడు తీశాను. వచ్చేటప్పుడు ఆ చెట్టుకే కట్టాం."

సావా కాగితాన్ని ఫోటో తీసి సోఫియాకి పంపి, ఫోన్ చేశాడు. ఫోటోగ్రాఫర్ యావోర్ గొంతు గది అంతా వినిపించింది.

"కాగితం ఫోటో చూశానండీ, అది నాది కాదు! మూడు గంటలు బతిమాలినా ఆవిడ పళ్ళు కనిపించలేదు నాకు. దారం దగ్గరే పది నిమిషాలు వాదన. లోపలనుంచి దీపం తెచ్చేసరికి తీసేశారు, ఆ తరవాతే మొదలుపెట్టాను."

"మంచిది," అని సావా ఫోన్ పెట్టేశాడు. లిల్యానా తలెత్తి ఆయన మొహంలోకి ఆశగా చూసింది. ఆయన కాగితంలో కింది వరస చదువుకుంటున్నాడు, పెదవులు కదుపుతూ, రెండుసార్లు.

"రేపు మీ ఊరొస్తాం," అన్నాడు.

*

శుక్రవారం గిన్‌కా కొట్టులో చేతులు నడుముకి పెట్టుకుని నిలబడింది.

"నేనా? ఇటు చూడండి, అంచు ఎలా వంకర పోయిందో! ఇంట్లో పెట్టుకునే ప్రింటర్ మీద తీసిన చెత్త ఇది. చచ్చినవాళ్ళ మర్యాద కాపాడ్డం నా వృత్తి. ఆ చోటు నాకు కావాలా అంటే కావాలి, ఎందుకు దాచడం? కాని ఇలా కాదు."

ఇంట్లో ప్రశ్నలు వెలికాతో మొదలయ్యాయి.

"శనివారం మీ అబ్బాయి ఎక్కడున్నాడు?"

"కలప మిల్లులో," అన్నాడు మెతోది, అడగకుండానే.

"ఏ మిల్లురా?" అంది తల్లి. "మధ్యాహ్నం చిక్కుడు సూప్ ఇద్దరికి వండి నేనొక్కదాన్నే తాగాను. మిల్లు వాళ్ళు నీకోసం ఇంటికే ఫోన్ చేశారు."

దోన్‌కా భర్తవైపు తిరిగింది. మెతోది మెడ ఎర్రబడింది.

"సోఫియా వెళ్ళాను," అన్నాడు చివరికి. "స్టూడియో ఎదురుగా చెట్టు కింద నిలబడ్డాను. మూడు గంటలు."

"ఏం చూశారు?" అడిగాడు సావా.

"తెర. తెరే చూశాను. ఆ తరవాత అక్కాచెల్లెళ్ళు బయటికొచ్చి చెట్టుకి దారం కట్టారు. నేను ముందు బస్సుకి వచ్చేశాను."

దోన్‌కా ఆ సాయంత్రం తన దుప్పటీ తలగడా తీసుకెళ్ళి అత్తగారి గదిలో వేసుకుంది. ఎలిత్సా వచ్చి పక్కన కూర్చుని వెన్ను నిమిరింది. "నాకు ముందునుంచీ అనుమానమే అక్కా. బావకి ఆ ఈర్ష్య పోదు. వెళితే ఇంకా ఏం చేస్తాడో."

ఎవరో తనమీద చెయ్యి వెయ్యడం దోన్‌కాకి అప్పుడు హాయిగానే ఉంది.

*

ఆదివారం, ఈస్టర్ దాకా సాగే మహోపవాసానికి ముందు చివరి భోజనం. ఆ రోజు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చెయ్యి ముద్దుపెట్టుకుని క్షమించమని అడగాలి. క్షమించామని పెద్దవాళ్ళు చెప్పాలి. బల్ల మీద జున్ను పొరల బనిత్సా, ఉడికిన గుడ్లు, తెల్లటి హల్వా ఉన్నాయి. వెలికా డిటెక్టివ్‌నీ, లిల్యానానీ కూడా కూర్చోబెట్టింది. గిన్‌కాని సావాయే పిలిపించాడు.

"తినేముందు చెప్పేస్తాను," అన్నాడాయన. "తిన్నాక చెబితే అరగదు."

మెతోది తల దించుకున్నాడు.

"ఫోటోగ్రాఫర్ తీసిన నలభై రెండింటిలో ఒక్కదాంట్లోనూ చేతికి దారం లేదు. కాగితం మీది ఫోటోలో ఉంది. అంటే అది ఆయన మొదలుపెట్టక ముందు, దీపానికి లోపలికి వెళ్ళినప్పుడు ఫోన్‌తో తీసింది. మెతోదిగారు అప్పుడు చెట్టు కిందున్నారు. ఆయనకి కనిపించింది తెర."

ఎలిత్సా చెంచా బల్ల మీద పెట్టేసింది.

"రెండోది ఆ నవ్వు. తెలియని మనిషి బతిమాలితే రాని నవ్వు, ఆ కాస్సేపట్లో ఎవరిని చూసి వచ్చింది? ఎదురుగా ఉన్నది ప్రాణమంత ఇష్టమైన మనిషి అయి ఉండాలి."

"సావాగారూ, వద్దు," అంది దోన్‌కా. ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. దారం తియ్యనని మంకుపట్టు పట్టి కూర్చుంటే, ఆ ఫోటోగ్రాఫర్ అంత మొనదేలిన బూట్లేసుకుని కూడా ఒక మనిషి నడవగలడా అని ఎలిత్సా చెవిలో చెప్పడం, తను పగలబడి నవ్వడం గుర్తొచ్చాయి.

"ఒక్కటే మిగిలిందమ్మా. దుఃఖిస్తున్నవారు: భర్త, అత్తగారు, ఇతర బంధువులు. ఈ ఊళ్ళో దోన్‌కా పేరెత్తి ఎలిత్సా పేరు మరిచిపోయేవాళ్ళు ఎవరు? గిన్‌కాగారూ, మీరైతే?"

"భర్త పక్కనే వేసేదాన్ని," అంది గిన్‌కా.

"పగవాళ్ళయినా వేసేవాళ్ళే. అక్క చావు కింద సొంత పేరు రాసుకోవడానికి చెయ్యి రాని మనిషి ఒక్కరే. మొన్న ఎలిత్సాగారు పనిచేసే బడిలో ప్రింటర్ మీద ఉత్త నల్ల అంచు ఒకటి లిల్యానా తీయించింది. వంకర అచ్చం అదే."

లిల్యానా సంచిలోంచి కాగితం తీసింది. ఎవరూ దానివైపు చూడలేదు.

"జరగమన్నాడు," అంది ఎలిత్సా. "దీపం తెచ్చి పెట్టి, చెల్లెలుగారూ, మీరు కాస్త పక్కకి జరగండి, ఫ్రేములోకి వస్తున్నారన్నాడు. ముప్పై ఏళ్ళలో నన్ను జరగమన్నవాడు లేడు. నువ్వైనా ఉండనీ అంటావనుకున్నాను. నువ్వు రుమాలు సర్దుకున్నావు."

"నేను వినలేదే ఎలీ."

"అదే చెబుతున్నాను! నీకు వినపడను కూడా లేదు." ఏడుపు ఆపుకోలేకపోయింది. "నువ్వు లేకపోతే నా ఒక్క శ్రుతి ఎవడు వింటాడు? పీపాలో ఈగ మోగినట్టుంటుంది. భయపడి ఆగిపోతావనుకున్నానంతే. ఆ ఫోటో పెట్టడానికి మనసొప్పలేదు, అది నా ఫోన్‌లో అన్నిటికంటే బాగున్న ఫోటో."

"మరి నా మీదికి తోశావేం?" అన్నాడు మెతోది. "రెండు రాత్రులుగా మంచం మీద నేనొక్కడినే పడుకుంటున్నాను."

"నువ్వు మాట్లాడకు," అంది తల్లి. "మూడు గంటలు తెర చూసినవాడివి."

గిన్‌కా నవ్వబోయి నోరు మూసుకుంది.

ఎలిత్సా లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. వంగి అక్క చెయ్యి అందుకుని పెదవులకి ఆనించింది. "క్షమించక్కా."

ఆ మాటకి జవాబు ఒకటే ఉంటుంది, చిన్నప్పటినుంచీ అందరికీ వచ్చిందే. అందరూ దానికోసం ఆగారు. చెల్లెలి నడినెత్తిన పాపిడిలో కొత్తగా వచ్చిన తెల్ల వెంట్రుకలు దోన్‌కాకి కనిపించాయి. ఆమె తన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"దేవుడు క్షమిస్తాడు," అంది. "ఆయనకి తీరిక ఎక్కువ. నాకు ఇంకా కొంత కాలం పడుతుంది. క్షమించకుండానే క్షమించానని చెప్పను నీకు."

తరవాత బల్ల చుట్టూ చూసింది. భర్తనీ, అత్తగారినీ, గిన్‌కానీ, చెల్లెల్నీ.

"రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను. నేను వెళుతున్నాను. మెతోదీ, నువ్వు చూడ్డానికి రావాలంటే టికెట్టు కొనుక్కుని లోపలికి రా, చెట్టు కింద నిలబడకు. ఎలీ, నువ్వు ఈస్టర్ దాకా రావద్దు. ఈస్టర్‌కి రా. అప్పుడు నేనింకా కోపంగానే ఉంటే, ఆ మాట నీ మొహం మీదే చెబుతాను. ఇక అత్తయ్యా, బనిత్సా కొయ్యండి."