కొలిచి ఇచ్చిన గాలి

ఆ ఆదివారం పొద్దున ఆరు గంటలకు గురవయ్య టీ కాచి, మంచం దగ్గరికొచ్చి, భార్య వేలికి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు తగిలించాడు. చిన్న తెర మీద ఎనభై తొమ్మిది కనిపించింది. 

జీవమ్మ ఆళ్లగడ్డ బడిలో ఇరవై ఏళ్లు మధ్యాహ్న భోజనం వండిన మనిషి. జీవితంలో బీడీ ముట్టలేదు గానీ కట్టెల పొయ్యి పొగ ఆమె ఊపిరితిత్తులను తినేసింది. రెండు నెలల క్రితం ఇంటికి ఆక్సిజన్ మిషన్ వచ్చింది. కూతురు దీవెన నంద్యాలలో ఒక ఆసుపత్రిలో డాక్టరు. ఆమే మిషన్ మీట ఒకటో అంకె దగ్గర పెట్టి, "ఎనభై ఎనిమిది నుంచి తొంభై రెండు మధ్య ఉంటే చాలు నాయనా, పెంచొద్దు" అని చెప్పి బస్సెక్కింది.

పక్కింటి కమలాక్షమ్మ నిన్ననే అంది, వాళ్ల తమ్ముడికి ఎప్పుడు చూసినా తొంభై ఎనిమిదికి తగ్గదని. గురవయ్యకు ఆ మాటే చెవిలో మోగుతోంది. దీవెనకు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. చివరికి ఊళ్లో తనకు తెలిసిన డాక్టరుకు చేశాడు.

"ఎనభై తొమ్మిదా? తొంభై లోపల ఎట్లా పెట్టుకున్నారు? పెంచండి" అన్నాడాయన. రోగం ఏమిటని అడగలేదు.

గురవయ్య మీటను ఐదుకు తిప్పాడు. అంకె తొంభై ఎనిమిదికి ఎక్కింది. ఆయన కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పాడు. జీవమ్మ ప్రశాంతంగా నిద్రలోకి జారుకుంది. చర్చి టైము అవుతున్నా ఎవరూ లేపలేదు.

రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున ఏడింటికి ఫోన్ చూసుకున్న దీవెన, తిరిగి చేస్తే నాయన "అంతా బాగుండాది" అన్నాడు. ఆ గొంతులో ఏదో తేడా తోచి ఆమె అప్పటికప్పుడు బస్సెక్కింది. ఇంట్లో అడుగుపెట్టి అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. ముఖం ఎర్రగా ఉంది. నుదుటి నిండా చెమట.

"అమ్మా! అమ్మా!"

జీవమ్మ కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేసింది. దీవెన చూపు మీట మీద పడింది. మెల్లగా తగ్గించి, అంబులెన్సుకు ఫోన్ చేసింది. అన్న ఎడ్విన్ దొడ్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందీ? నిద్రపోతాంది గదా!"

"నిద్ర గాదన్నా. లేవడం ల్యా!"

 నంద్యాల దాకా అంబులెన్సులో దీవెన అమ్మ చెంపలు తడుతూ, పిలుస్తూనే ఉంది. ఒక్కోసారి జవాబుగా చిన్న మూలుగు వచ్చేది. ఒక్కోసారి అదీ రాలేదు. 

దీవెన పనిచేసే ఆసుపత్రి వార్డులో జీవమ్మ ముఖానికి పెద్ద మాస్కు బిగించి, ఊపిరి ఆడించే మిషన్ పెట్టారు. బయటికొచ్చి తలుపు మూసుకోగానే దీవెన అన్న వైపు తిరిగింది.

"ఎవరు పెంచినారు?"

ఎడ్విన్ నాయనను ఒకసారి చూశాడు. "నేనే. ఏం జేస్తావు? అమ్మకు గాలి గూడా కొలిచి ఇస్తాంటివి. ఒకటంట, ఒకటి! డాక్టరు పెంచమన్నాడు, పెంచినా."

"ఈ జబ్బులో ఆక్సిజన్ ఎక్కువైతే, బయటికి పోవాల్సిన చెడ్డగాలి లోపలే నిలిచిపోతాది. మత్తొస్తాది. ఊపిరి ఆగిపోతాది! మా పుస్తకాల్లో రాసి ఉండాది. ఆ డాక్టరుకు తెలీదా?"

"అది మాకు ఎప్పుడు చెప్పినావు?"

 

"వాడు గాదమ్మా" అన్నాడు గురవయ్య. గోడకానుకుని కూలబడ్డాడు. "నేనే తిప్పినా. ఆ అంకె చూస్తాంటే నా ఊపిరి ఆడల్యా. నీకు చేస్తే ఎత్తకపోతివి. నేనే చంపుకున్నా దాన్ని."

దీవెన ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. ఏడుపు ఆగలేదు.

"నువ్వు గాదు నాయనా. పోయిన నెల ఇదే జబ్బుతో వచ్చిన ఓబయ్య అనే ముసలాయనకు తొంభై ఉంటే, కొడుకులు కేకలేసినారని నేను గూడా పెంచినా. తప్పని తెలిసే పెంచినా. మా పెద్ద డాక్టరు సారు చూసి తగ్గించినాడు గాబట్టి సరిపోయింది. రూలు తెలిసిన దాన్నే భయానికి తప్పినా. నీకు అంకె ఒక్కటే చెప్పి, ఎందుకో చెప్పకుండా పోతి."

ఎడ్విన్ వచ్చి ఆమె తల మీద చేయి వేశాడు.

సాయంత్రానికి జీవమ్మ కళ్లు తెరిచింది. మాస్కు లోంచే భర్తను చూసి, చేయి పట్టుకోమన్నట్టు వేళ్లు కదిపింది. గురవయ్య ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, నోటికి ఆనించుకుని ఏడ్చాడు. కాసేపటికి కూతుర్ని అడిగాడు:

"నాకు నువ్వుండావు, పరుగెత్తుకొస్తివి. మిగతావాళ్లకు ఎవరుండారమ్మా?"

 దీవెన కళ్లు తుడుచుకుని లేచింది. వార్డు చివరి మంచం దగ్గర ఒక కోడలు అత్త వేలికున్న క్లిప్పును బెదురుగా చూస్తోంది. దీవెన స్టూలు లాక్కుని ఆమె ముందు కూర్చుంది.

"భయపడొద్దక్కా. ఈ అంకె ఎందుకు ఇంతే ఉండాల్నో చెప్తా, విను."