కొత్తిమీర తూటా

మాజ్రి రైల్వే జంక్షన్‌లో పట్టపగలు ఏజెంట్ శ్రావణ్‌కుమార్‌ను కాల్చి చంపారు. బొగ్గు వ్యాగన్ల మోతలో తుపాకీ చప్పుడు కలిసిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లు అతడు కళ్లు తిరిగి పడిపోయాడనుకున్నారు.

మరునాడు చంద్రపూర్ బజారులో, ఒక బట్టల దుకాణం పైగదిలో, ఇంటెలిజెన్స్ యూనిట్ చీఫ్ కృష్ణారావు ఏజెంట్ అరవింద్‌ను పిలిపించాడు. ఊరి థర్మల్ విద్యుత్ స్టేషన్‌లో ఎక్కడో ఒక విదేశీ ముఠా బాంబు పెట్టించింది. శ్రావణ్ కనిపెట్టగలిగింది అంతవరకే. జాగిలాలు వెతికాయి, డిటెక్టర్లు వెతికాయి, దొరకలేదు. ప్లాంటు ఆపడానికి ఢిల్లీ ఒప్పుకోలేదు. మిగతాది ప్రణీత చేరవేసింది. ఇవాళ మధ్యాహ్నం షిఫ్టు మారేవేళ, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఒక్కచోట చేరినప్పుడు రిమోట్ నొక్కుతారు. ఆ రిమోట్‌ను ప్రణీత మ్యాట్నీ ఆటలో ముఠా మనిషికి అందిస్తుంది. అరవింద్ ఆమె పక్క సీట్లో కూర్చోవాలి. వచ్చినవాణ్ణి పట్టుకోవాలి.

ప్రణీత పట్టుచీరల షోరూం యజమానురాలు. ఊళ్లో సగం హోర్డింగుల మీద నవ్వే ముఖం ఆమెదే.

"ఆమె మనదేనా సార్?" అని అడిగాడు అరవింద్.

"మనదే. వాళ్లది గూడ," అన్నాడు కృష్ణారావు. "ఇంకో తొవ్వ లేదు. ఇది అయితదని నాకైతే నమ్మకం లేదు."

అరవింద్‌కూ లేదు. ఒక ముఠాను పట్టుకుంటే ఇంకో పేరుతో ఇంకొకటి వచ్చేది. మధ్యలో శ్రావణ్ లాంటివాళ్లు పోయేవారు. పేపరు మిల్లు ఇంజనీరు వేషం వేసుకుని, రిమోట్ సంకేతాన్ని అడ్డుకునే జామర్ అమర్చిన చేతిగడియారం పెట్టుకుని అతడు థియేటర్‌కు వెళ్లాడు.

హిందీలోకి డబ్ చేసిన తెలుగు యాక్షన్ కామెడీ అది. బాల్కనీలో చివరి నుంచి రెండో వరుసలో ప్రణీత కూర్చుని ఉంది. కోడ్ మాట అడిగింది, అతడు జవాబు చెప్పాడు. తర్వాత ఆమె అతడి చెయ్యి పట్టుకుంది. భయపడుతోందేమో అనుకున్నాడు. ఆమె వేళ్లు గడియారం పట్టీని విప్పి, దాన్ని హ్యాండ్‌బ్యాగులో పడేసేదాకా అతడికి అర్థం కాలేదు. అప్పటికే వెనక నుంచి పక్కటెముకలకు తుపాకీ గొట్టం ఆనింది.

"కదలకు అన్నా," అన్నాడు వెనక మనిషి మెల్లగా. రాజురా వైపు యాస. "తెరమీద ఫైటింగ్ మొదలైతది. ఆ మోతల కాలుస్త. నీకు ఎక్కువ నొప్పి తెల్వది."

అతడి పేరు ప్రమోద్. మాజ్రిలో కాల్చిందీ అతడే. ప్రణీత అందించిన రిమోట్ అతడి ఎడమచేతిలో ఉంది. ప్లాంటు గేటు దగ్గరున్న మనిషి ఫోన్ చేయగానే నొక్కడమే. బయట మఫ్టీలో ఉన్న పోలీసులకు కబురు పంపే దారి లేదు. అరవింద్ తెరవైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంక చేయడానికేమీ కనిపించలేదు.

తెరమీద హీరోను కుర్చీకి కట్టేశారు. విలన్ పిస్టల్ గురిపెట్టాడు. సంగీతం పెరిగింది. తుపాకీ గొట్టం అరవింద్ పక్కటెముకల్లో ఇంకా గట్టిగా దిగింది. విలన్ ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్కుమంది. తూటాల్లేవు.

సంగీతం ఆగిపోయింది. తూటాలు నింపే వంతు ఇవాళ ఎవరిదని విలన్ నెమ్మదిగా అడిగాడు. రౌడీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు తాను సెలవు పెట్టానన్నాడు. తగువు ముదిరింది. చివరికి కట్టేసి ఉన్న హీరోయే పెద్దమనిషై, ఎవరి వంతు ఏ రోజో పంచిపెట్టాడు. ఒకణ్ణి దుకాణానికి పంపారు. వాడు కొత్తిమీర కట్టతో తిరిగొచ్చాడు. తూటాలు అయిపోయాయట, ఇది తీసుకుపొమ్మన్నాడట దుకాణదారు.

విలన్ ఆ కట్టను చాలాసేపు చూశాడు. ఒక్కో రెమ్మ తుంచి శ్రద్ధగా పిస్టల్‌లో కూరాడు. గురిచూసి కాల్చాడు. ఆకులు హీరో నెత్తిమీద రాలాయి. హీరో ఒకటి నమిలి, కొంచెం ఉప్పు తక్కువైందన్నాడు.

హాలు గొల్లుమంది. తెరమీద మాత్రం ఒక్కడూ నవ్వడం లేదు. విలన్ నిజంగా నొచ్చుకుని ఉప్పు కోసం వెతుకుతున్నాడు. ప్రణీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చావబోతున్నానని తెలిసీ అరవింద్ నవ్వు ఆపుకోలేకపోయాడు. శ్రావణ్ పోయాక అదే మొదటి నవ్వు. వెనక ప్రమోద్ కూడా నవ్వుతున్నాడు. కాల్చడానికి ఒక మోత కావాలి. ఆ మోత రాలేదు. కొత్తిమీర వచ్చింది. తుపాకీ గొట్టం ఆ నవ్వుకు ఊగి పక్కకు జారింది.

అప్పుడే ప్రమోద్ జేబులో ఫోన్ మోగింది. నవ్వుతూనే అతడి బొటనవేలు రిమోట్ మీదికి వెళ్లింది.

అరవింద్ వెనక్కి తిరిగాడు. తుపాకీని పట్టించుకోకుండా, రెండు చేతులతో ఆ బొటనవేలినే పట్టుకుని విరిచాడు. తుపాకీ పేలింది. సినిమాలో చప్పుడనుకుని ముందు వరుసల్లో చప్పట్లు కొట్టారు. రిమోట్ కిందపడింది. తలతో గుద్దితే ప్రమోద్ సీట్ల మధ్య కూలిపోయాడు.

తూటా ప్రణీతకు తగిలింది. అరవింద్ ఆమె మీదికి వంగి కొంగుతో గాయాన్ని అదిమిపెట్టాడు. మమ్మల్ని ఎందుకు అమ్మేశావని అడగబోయాడు.

"జర పక్కకు జరుగు," అందామె. "తెర కనిపిస్తలేదు."

అతడు జరిగాడు. ఆమె చూస్తూనే పోయింది.

సాయంత్రం పైగదిలో కృష్ణారావు అంతా విన్నాడు. ప్రమోద్ నోరు విప్పాక బాంబు స్విచ్‌యార్డ్‌లో దొరికిందని, ముఠా నుంచి కొత్త మనిషి నాగ్‌పూర్‌లో దిగాడని రెండూ ఒకే తీరుగా చెప్పాడు. తర్వాత, ప్రమోద్ చెయ్యి ఎట్లా సడలిందని అడిగాడు.

"నవ్విండు సార్."

కృష్ణారావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఢిల్లీవాళ్లు నమ్మరు. హాల్ల కరెంటు పోయిందని రాయి."

థర్మల్ స్టేషన్‌ను ఆ రోజు కాపాడింది కరెంటు కోతేనని ఢిల్లీ ఇప్పటికీ నమ్ముతోంది.