పడవ రేకుకు అటూ ఇటూ

"ఏయ్! ఆపు! కొత్త పడవకు తూటు పెడ్తానవా?"

ఒడ్డుకు లాగిన పడవకు చేతి డ్రిల్లు ఆనించి తిప్పబోతున్న సారంగపాణి ఉలిక్కిపడి తలెత్తాడు. పాకాల చెరువు కట్ట మీంచి ఒకమ్మాయి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని చరచరా దిగి వస్తోంది. చేతిలో మూసిన గొడుగుంది. ఆ గొడుగు పట్టుకున్న తీరు చూస్తే వానకోసం తెచ్చుకున్నట్టు లేదు.

"తూటు పెట్టకుంటే మిషన్ ఎట్ల కూసుంటది మేడం?"

"నీళ్లల్ల మునిగే కాడ తూటు పెడితే పడవే మునుగుతది. అప్పుడు నీ మిషన్ చేపలను చూసుడు గాదు, చేపలే నిన్ను చూస్తయి."

పక్కనే రాయి మీద కూర్చున్న మొండయ్య తాత పకపకా నవ్వాడు. బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చెరువులో వల వేస్తున్న మనిషి. చేపల శాఖ వాళ్లు ఈ అల్యూమినియం పడవ కొన్నాక నడిపే పని ఆయనకే ఇచ్చారు.

అమ్మాయి పేరు శకుంతల. ఆ శాఖలోనే ఫీల్డ్ అసిస్టెంట్. పడవా, దానితో పాటు అట్టపెట్టెలో వచ్చిన మిషనూ ఆమె బాధ్యతే. ఆ మిషన్ నీళ్లలోకి శబ్దం పంపి, తగిలి తిరిగొచ్చిన దాన్ని విని, చెరువు లోతెంతో, చేపలు ఏ లోతులో ఉన్నాయో గుండ్రటి డయల్ మీద ఎర్ర లైటుతో చూపిస్తుంది. పంపేదీ వినేదీ ట్రాన్స్‌డ్యూసర్ అనే సబ్బుబిళ్లంత ముక్క. దాన్ని పడవ వెనక రేకుకు, నీళ్లలో మునిగేలా బిగించాలి. ఎనభై ఆరులో వరంగల్ జిల్లాలో అలాంటి పని ఎవరికీ తెలియదు. హన్మకొండలో రేడియోలు బాగుచేసే సారంగపాణికీ తెలియదు గానీ, శాఖ వాళ్లు పిలిస్తే కాదనలేక వచ్చాడు.

"రబ్బరు వాషర్ వేస్త, మీద లప్పం పెడ్త. చుక్క నీళ్లొచ్చినా నన్ను చెరువుల తోయండి."

"తప్పకుండ తోస్త. ఫికర్ చేయకు."

తూట్లు పడ్డాయి. అక్కడే అసలు చిక్కు వచ్చింది. స్క్రూ తల బయట, నట్టు లోపల. నట్టు తిప్పితే స్క్రూ కూడా దానితో పాటే తిరుగుతోంది. లోపలి నట్టు అందాలంటే వెనక కూర్చునే పీట కింద తల దూర్చి బోర్లా పడుకోవాలి. బయట స్క్రూ కదలకుండా పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండి తీరాలి. మొండయ్య చేతులు వణుకుతాయి. ఇక మిగిలింది ఆమె.

"పట్టుకుంట గని నీతోని మాటల్లేవ్," అంది శకుంతల. "రేకు మీద ఒక్క దెబ్బ కొడితే బిగించు. రెండు కొడితే ఆపు. సమజైందా?"

పీట కింద ఊపిరాడడం లేదు. టక్. బిగించాడు. టక్. ఇంకాస్త బిగించాడు. టక్ టక్. ఆపాడు.

ఆ చీకట్లో పడుకుని ఒక సంగతి గమనించాడు. రేకుకు అవతల తన పనికోసం ఒక మనిషి చేయి ఆనించి కూర్చుంది. తల్లి పోయిన తర్వాత అలా ఎవరూ కూర్చోలేదు. షాపులో అన్ని రేడియోలు మాట్లాడుతుంటాయి గానీ అతనితో మాట్లాడేవాళ్లు లేరు.

బిగించడం అయ్యాక ముగ్గురూ పడవను నీళ్లలోకి తోసి ఎక్కారు. మొండయ్య ఇంజను స్టార్ట్ చేసి చెరువులోకి పోనిచ్చాడు. డయల్ నిండా ఎర్ర లైట్లు.

"అబ్బో! ఇన్ని చేపలా?"

"చేపలు గావు మేడం. గాలి బుడగలు. ముందు రేకులను కలిపిన రివిట్ల వరుస కాడి నుంచి లేస్తానయి. నడుమల గాలి అడ్డమొస్తే ఇది చెవిటిదైతది. జాగా మార్చాలె."

"అంటే మళ్ల తూట్లా?"

"పాతయి మూసేస్త. వచ్చే ఆదివారం వస్త," అన్నాడు సారంగపాణి. పని చెడినందుకు సిగ్గుపడాల్సింది పోయి, బస్సులో హన్మకొండ దాకా నవ్వుకుంటూనే పోయాడు.

రెండో ఆదివారం మాటల్లేవన్న మాట ఆమే మరిచిపోయింది. పీట కింద ఉన్న మనిషిని రేకు అవతలి నుంచి అడిగింది.

"మీ ఇంట్ల ఎవరెవరుంటరు?"

"రేడియో ఉంటది మేడం."

"ఏందీ?"

"పొద్దున తాళం వేసేటప్పుడు సన్నగ పెట్టి పోత. వచ్చి తలుపు తీసేసరికి లోపల ఎవరో మాట్లాడుతున్నట్టుంటది."

నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"మరి కరెంటు పోతే?"

"కరెంటు పోతే... జర కష్టమే."

"మా నాయిన వరంగల్ కొత్తవాడల జంపఖానాలు నేస్తడు," అంది ఆమె. "మగ్గం సప్పుడుకు అలవాటైన ప్రాణం. ఈ నౌకరికొచ్చి నర్సంపేటల రూం తీసుకున్నంక సప్పుడు లేక నిద్రే పట్టలే. ఈ ముచ్చట ఎవరికీ చెప్పలే. చెప్పెటందుకు ఎవరున్నరని?"

రేకు మీద దెబ్బ కొట్టడం మరిచిపోయింది. అతను బిగించడం మరిచిపోయాడు. బయట మొండయ్య దగ్గి గుర్తు చేయాల్సి వచ్చింది. ఆ రోజు లైట్లు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

మూడో ఆదివారం ఆకాశం ముసురేసింది. శకుంతల సర్వపిండి రొట్టె తెచ్చింది. సగం విరిచి అతని చేతిలో పెట్టి, చెరువు వైపు చూస్తూ చెప్పింది.

"ఇయ్యాల ఇది పనిచేస్తే ఎల్లుండి పడవను లారీ ఎక్కిస్తరంట. నిజాంసాగర్‌ల సర్వే. నేను గూడ పోవాలె. అదైనంక ఇంకో చెరువు."

"మళ్ల ఎప్పుడొస్తరు?"

"ఏడాది పట్టొచ్చు."

"పనిచేయకుంటే?"

"చేయకుంటే ఈడనే," అని ఆమె గొడుగు కొసతో మట్టిలో గీతలు గీసింది.

అతను సర్వపిండి ముక్క పక్కన పెట్టి డ్రిల్లు అందుకున్నాడు. వారమంతా ఆలోచించి సరైన చోటు కనిపెట్టేశాడు మరి! రివిట్లకు దూరంగా, నాలుగు వేళ్లు పక్కకు. తూటు పెట్టాడు, పీట కింద దూరాడు. నట్టు చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

ఒక్క చుట్టు వదులుగా వదిలేస్తే చాలు. పడవ కదలగానే ట్రాన్స్‌డ్యూసర్ వంకర తిరుగుతుంది, డయల్ పిచ్చి లైట్లు చూపిస్తుంది. ఆమె ఇక్కడే ఉంటుంది. తను వచ్చే ఆదివారం కూడా బస్సెక్కవచ్చు. గట్టిగా బిగిస్తే మాత్రం రేపట్నుంచి మళ్లీ ఆ తాళం, ఆ గది, ఆ రేడియో. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

టక్, అంది రేకు. బిగించమని.

అతను బిగించలేదు.

"శకుంతలా," అన్నాడు. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఒక మాట చెప్త, ఆఖరు దాక విను. ఈ నట్టు వదులుగ వదిలేద్దామనుకున్న. నువ్వు ఈడనే ఉంటవని. గని చెయ్యి రాలే. నీ పని చెడగొట్టి నిన్ను ఆపుడేంది? గట్టిగనే బిగిస్త. నువ్వు పో, అన్ని చెరువులు తిరిగిరా. ఏడాదైనా ఎదురుచూస్త. వచ్చే ఆదివారం కొత్తవాడ పోయి మీ నాయినను అడుగుదామనుకుంటాన. ఇష్టం లేకుంటే రెండు దెబ్బలు కొట్టు. ఈడికే ఆపేస్త, మళ్ల ఈ మాట ఎత్తనే ఎత్తను."

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. చినుకులు రేకు మీద టపటపా పడుతున్నాయి. ఏది చినుకో, ఏది దెబ్బో తెలియడం లేదు. ఊపిరి బిగబట్టి చెవిని రేకుకు ఆనించాడు.

టక్.

చెవి పక్కనే. అది చినుకు కాదు.

రెండో దెబ్బకోసం ఎదురుచూశాడు. కళ్లు మూసుకుని చూశాడు. వాన జోరందుకుంది గానీ రెండోది రాలేదు.

"ఓ పిల్లా!" చెట్టు కిందికి పరుగెత్తిన మొండయ్య అక్కణ్ణుంచి కేకేస్తున్నాడు. "గొడుగు చేతుల పెట్టుకుని తడుస్తానవేంది? స్క్రూ ఇడిసి ఇటు రా!"

"ఎట్ల ఇడుస్త తాతా?" రేకు అవతలి నుంచి శకుంతల గొంతు వణుకుతూ, నవ్వుతూ వినిపించింది. "లోపల ఆయన బిగిస్తాండు."

సారంగపాణి నట్టు తిప్పాడు. స్క్రూ కదలలేదు. అవతల గట్టిగా పట్టుకునే ఉంది.