మూత తీసిన ట్యాంకు

"బుద్ధుందా మీకు?"

తొలి చూపులోనే ప్రేమ పుడుతుందని చెప్పేవాళ్ళు చాలామంది. ఇక్కడ తొలి చూపులో పుట్టింది తిట్టు.

చేతిలో బ్రష్షు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, ఒంటినిండా బ్లీచింగ్ వాసన. ట్యాంకుల అబ్బాయి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఊళ్ళో సగం మేడల మీద ట్యాంకులు కడిగేది అతనే. అతని పనికి వంక పెట్టిన మనిషి లేడు. ఈ మేడ మీద ట్యాంకు కడగడం అయ్యాక, మూలన నాచుపట్టి పచ్చగా ఉన్న తొట్టి కనబడింది. పోనీలే పాపమని దాన్నీ తోమిపెట్టాడు. అద్దంలా మెరుస్తోంది.

"డబ్బులేం అడగనులెండి. ఫ్రీగానే కడిగాను."

"ఫ్రీగా చంపేశారు!"

"ఎవర్నండీ?"

"వేలమందిని!"

అతను భయంభయంగా తన చేతులు చూసుకున్నాడు. ఆ ఇంటి అమ్మాయి ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుంది. కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఆ చూపు మాత్రం అద్దాలను కూడా కాల్చేసేలా ఉంది.

"ఆ పచ్చనీళ్ళలో నీటి ఈగల్ని పెంచుకుంటున్నాను."

"ఈగల్ని పెంచుకుంటారా? జనం చంపుతారు కదండీ!"

"ఆ ఈగలు కావు, నీళ్ళలో బతికే చుక్కంత పురుగులు. రండి కిందికి. మీ ఘనకార్యం ఎవరి నోటి దగ్గర కూడు తీసిందో చూద్దురుగాని."

గదిలో కిటికీ గట్టు మీద వరసగా ప్లాస్టిక్ డబ్బాలు. నీళ్ళలో నూలుపోగుల్లాంటి పిల్లలు. మెడకు రెండువైపులా ఈకల్లాంటి మొప్పలు.

"బల్లిపిల్లలా?"

"న్యూట్ పిల్లలు. కప్పలకు చుట్టాలు. పెద్దయినా తోక ఊడదు, అంతే తేడా."

కుర్చీలో కూర్చున్న బామ్మ అందుకుంది. "సంబంధాలు చూసుకోవే అంటే తోక కప్పల్ని చూసుకుంటోంది నాయనా నా మనవరాలు."

"బామ్మా!" అని కసిరి, అమ్మాయి అతనివైపు తిరిగింది. "ఇవి కదిలే తిండే తింటాయి. మూతి ముందు పెట్టినా సరే, కదలకపోతే ముట్టవు. ఆకలెక్కువైతే పక్కదాని కాలే కొరికేస్తాయి. అదిగో, దానికి అప్పుడే ఒక కాలు సగం లేదు."

మూలన తలకిందులుగా వేలాడదీసిన సీసాలో ఉప్పునీళ్ళు బుడబుడమంటున్నాయి. అందులో గుడ్ల పొడి నుంచి కంటికి ఆననంత రొయ్యపిల్లలు పుడుతున్నాయి, ప్రస్తుతానికి వీటి తిండి అవే. కానీ ఆ గుడ్ల పొడి పొట్లం అడుగంటింది.

"అది అయిపోయేలోగా నీటి ఈగలు దొరక్కపోతే..." అమ్మాయి సగం కాలు పిల్ల ఉన్న డబ్బాను దగ్గరికి లాక్కుంది.

తిట్టినంతసేపూ తట్టుకున్నాడు. ఇది మాత్రం తట్టుకోలేకపోయాడు.

"పచ్చనీళ్ళే కదండీ? ఊళ్ళో ఏ మేడ మీద ఎంత నాచుందో నన్నడగండి!"

మర్నాడు డబ్బా పట్టుకొచ్చాడు. మురికంటే మండిపడే మనిషి, మురికిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆమె డబ్బాలోకి తొంగి చూసింది.

"ఇవి దోమపిల్లలు."

"కదులుతున్నాయి కదండీ?"

"రెక్కలొచ్చాక ఇంకా బాగా కదులుతాయి."

ఉన్నవన్నీ న్యూట్ పిల్లలు తినేలోపే కొన్నింటికి రెక్కలొచ్చాయి. బామ్మ చేతులు గోక్కుంటూ దెప్పింది. "ఈ అబ్బాయి అడుగుపెట్టాక నాకు నిద్ర కరువైంది. ఇంకెవరికైనా కరువైందేమో, అడిగితే చెప్పరు."

చివరికి మూతపడిన ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద, మూత పగిలిన సిమెంటు తొట్టిలో అసలు నీటి ఈగలు దొరికాయి. ఆవగింజలో సగం లేవు, ఎగిరెగిరి పడుతున్నాయి. నీళ్ళు కుదిపితే ఎక్కడ చస్తాయోనని స్కూటరును నత్తలా నడిపాడు. వెనక వాళ్ళంతా హారన్లతో వాయించేశారు.

ఆమె డబ్బాకు టార్చి ఆనించింది. చుక్కలన్నీ వెలుగు దగ్గరికి ముసురుకున్నాయి.

"ఇవే! ఇవే!"

నవ్వితే ఆ ముఖం ఇలా ఉంటుందన్నమాట! అతనూ వంగాడు. కళ్ళజోడు ఠక్కున నుదుటికి తగిలింది.

"సారీ అండీ."

"నుదురా, బండరాయా?"

ఆ బండరాయి ఇంటికి వెళ్ళేదాకా చల్లబడలేదు.

బ్లీచింగ్ వాసన పోయిన నీళ్ళు తొట్టిలో నింపారు. ఈగల మేతకు ఆమె చిటికెడు ఈస్టు కలిపింది. ఈగలు పెరిగాయి, న్యూట్ పిల్లల పొట్టలు ఉబ్బాయి, సగం పోయిన కాలు కూడా మళ్ళీ మొలిచింది. అయినా అతను డబ్బా తేవడం మానలేదు. వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"లోపలికి రండి."

"పర్లేదండీ, కాళ్ళు తడి."

దారి పొడవునా స్కూటరుకు చెప్పుకున్న మాటలు గుమ్మం దగ్గరికొచ్చేసరికి తడికాళ్ళ సాకుగా మారిపోయేవి.

ఒకరోజు ఆమే అంది. "ఇక డబ్బా తేనక్కర్లేదు. మా తొట్టే సరిపోతోంది."

"సరేనండీ" అని వెళ్ళిపోయాడు. తలుపు ముఖాన వేసినట్టే అనిపించింది అతనికి. ఆ తర్వాత ట్యాంకుల్ని ఎంత కసిగా తోమాడంటే, ఎక్కడ చిల్లు పడుతుందోనని ఇంటివాళ్ళు హడలిపోయారు.

అప్పుడొచ్చింది బామ్మ ఫోను. "ఏమయ్యా, నువ్వు కడిగిన ట్యాంకు పచ్చబడిపోయింది. ఇదేనా నీ పనితనం?"

ఇంకేమన్నా పడేవాడు. పనిని అంటే పడడు. రెండేసి మెట్లు ఎక్కుతూ మేడ మీదికొచ్చాడు. ట్యాంకు నిజంగానే పచ్చగా ఉంది. పక్కనే అమ్మాయి, ఆకాశంలో ఏదో వెతుకుతోంది.

"మూత ఎవరు తీశారు?"

"గాలికి పోయిందేమో."

"గాలి దాన్ని గోడకు ఒద్దికగా ఆనించి, పడకుండా ఇటుక కూడా పెట్టి పోయిందా?"

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఈ నీటి ఈగలు తొట్టిలోంచి ఎగిరొచ్చాయా?"

ఇంకా తుడుస్తూనే ఉంది. అతను మళ్ళీ నీళ్ళలోకి చూశాడు. ఎండ తగలనిచ్చి, విత్తనానికి తొట్టిలోని పచ్చనీళ్ళు పోసి, ఈస్టు వేసి, ఎవరో ఓపిగ్గా పెంచిన మురికి ఇది. తనను రప్పించడానికి పెంచిన మురికి! మట్టిబుర్రకు ఎక్కడానికి కాస్త టైం పట్టింది.

"డబ్బా తేవద్దన్నాను. నిన్ను రావద్దన్నానా?" అందామె. "మొన్న ఒక పిల్ల మొప్పలు ముడుచుకుని మొదటిసారి రాయెక్కింది. చూపిద్దామంటే నువ్వు లేవు."

'నువ్వు' అంది. అతనికి చెవులు వేడెక్కాయి.

"మీరు..."

"నువ్వు అను. ఆ పిల్లలకున్న జబ్బే నాదీ. కదలనిదాన్ని ఏం చేసుకోను? గుమ్మంలో స్తంభంలా నిలబడితే ఎన్నాళ్ళని ఎదురుచూడను?"

అతను బ్రష్షు కింద పెట్టాడు. ఒక్క అడుగు ముందుకేశాడు.

"కదిలితే కొరుకుతావేమోనని..."

"ఆకలేస్తే కొరుకుతాను."

కిందినుంచి బామ్మ కేక. "తేల్చారా, లేదా? ఆ పురుగుల పుణ్యమా అని కింది కుళాయి నుంచి బకెట్లు మోయలేక నడుం పడిపోయింది! అబ్బాయ్, నీకిష్టమేనా?"

"ఇష్టమే బామ్మగారూ!" మేడలన్నీ వినేలా అరిచాడు.

"అయితే నాకూ ఇష్టమే! ముందు ట్యాంకు కడుగు!"

అతను బ్లీచింగ్ డబ్బా అందుకోబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మళ్ళీనా? ముందు వీటిని తొట్టిలోకి దింపు."

ఈగల్ని వడకట్టే పల్చటి గుడ్డకు చెరో అంచు పట్టుకుని ఇద్దరూ ట్యాంకులోకి వంగారు. కళ్ళజోడు ఠక్కున నుదుటికి తగిలింది.

ఈసారి ఎవరూ సారీ చెప్పలేదు.